పేరు ఆమె చేతే చెప్పించు

కొత్తపట్నం

అమ్మలూ,

ఒంగోల్లో రక్తం తీసే శిక్షణలో చేరావనీ, నరం మొదటి పోటుకే దొరుకుతోందనీ మీ అమ్మ ఫోన్లో సంబరంగా చెప్పింది. సంతోషం తల్లీ. చెయ్యి తిరగడానికి ఆరు నెలలు చాలు. నేను ల్యాబ్‌లో ముప్పై ఏళ్లుండి ఆలస్యంగా నేర్చుకున్నది వేరే ఉంది.

నేను చేరిన కొత్తలో గర్భిణి వస్తే హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, సిఫిలిస్‌కు వీడీఆర్‌ఎల్, అంతే. ఇప్పుడు అదే చేతిలోంచి తీసిన రక్తం థైరాయిడ్ సంగతి చెబుతుంది, హెచ్‌ఐవీ సంగతి చెబుతుంది, బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ముప్పు ఎంతో అంచనా కడుతుంది. తల్లి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ కూడా తిరుగుతుంటుందని 1997లో డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త బృందం బయటపెట్టింది. దాని మీదే ఇప్పుడు పదో వారం నుంచి పరీక్ష చేస్తున్నారు. పిల్లల కోసం ఎదురుచూసేవాళ్లకు ఏఎంహెచ్ హార్మోను పరీక్షకు రక్తం ఏ రోజు తీసినా పరవాలేదు, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోనుకు మాత్రం నెలసరి రెండో రోజో మూడో రోజో తీయాలి. డౌన్ ముప్పు అంచనా కట్టే డబుల్ మార్కర్ పరీక్షకు 11 వారాలు నిండాలి, 14 నిండకూడదు. తేదీ తప్పు రాసుకుంటే ఎంత గొప్ప మిషనైనా తప్పు లెక్కే ఇస్తుంది. చాలాసార్లు ఆ తేదీ అడిగేది నువ్వే. మన ఆడవాళ్లు క్యాలెండర్ చూసి చెప్పరు. "ఆఖరిసారి బయట ఎప్పుడున్నావమ్మా, సంక్రాంతికి ముందా తర్వాతా?" అని అడుగు, పౌర్ణమి వెళ్లిన మూడోనాడని ఠక్కున చెబుతారు. మగవాళ్లు వినేలా మాత్రం అడగకు.

నా తప్పొకటి చెబుతాను. ఒకే ఊరి నుంచి ఒకే పేరున్న గర్భిణులిద్దరు వచ్చారు. చీటీలు ముందే ట్యూబులకు అంటించి పెట్టుకున్నాను. పేరు నేనే పిలిచి "నువ్వేగా?" అన్నాను. ఒకామె తలూపింది. గ్రూపులు తారుమారయ్యాయి. నెగెటివ్ అయిన పిల్లకు పాజిటివ్ అని రాసిచ్చాను. నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి, లేకపోతే తర్వాతి కడుపుకు ముప్పు. కాన్పుకు ముందు మళ్లీ గ్రూపు చూస్తే బయటపడింది కాబట్టి సరిపోయింది. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది. అందుకే పేరు నువ్వు పిలవకు, ఆమె చేతే చెప్పించు. భర్త పేరు, ఊరు కూడా. చీటీ రక్తం తీశాకే, ఆమె చూస్తుండగానే అంటించు.

ఇక నోరు. అత్తగారు వరండాలో ఆపి "ఏమొచ్చిందమ్మా?" అంటుంది. నవ్వుతూనే "డాక్టరమ్మ చెబుతారండీ" అను. హెచ్‌ఐవీ ఫలితం పరీక్ష చేయించుకున్నామె ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పకూడదని 2017లోనే చట్టం వచ్చింది. ఆ డీఎన్‌ఏ పరీక్షలో ఆడో మగో కూడా తెలిసే వీలుంది. 1994 చట్టం ప్రకారం అది సైగతో చెప్పినా నేరమే. నిన్ను అడిగేది పరాయివాళ్లు కారమ్మా, వరసైనవాళ్లే అడుగుతారు. నువ్వు ఎంత చనువుగా మెలిగితే అంత గట్టిగా అడుగుతారు. దీనికి నిన్ను ఎవరైనా సిద్ధం చేస్తున్నారా? రబ్బరు చెయ్యి మీద సూది గుచ్చడం నేర్పినంత శ్రద్ధగా ఈ మాటలు కూడా నేర్పాలి. నేర్పకపోతే అడిగి నేర్పించుకో.

షుగర్ పరీక్ష మీద నాకు ప్రత్యేకమైన పట్టింపు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం తీయాలి, 140 గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్త పడాలి. తిని వచ్చినా ఇది చేయొచ్చు. పరగడుపునే ఆటో ఎక్కి వచ్చే గుండమాల, ఈతముక్కల ఆడవాళ్లకు అదెంత ఊరటో చెప్పలేను. కానీ అరగంటలోపు వాంతి చేసుకుంటే మర్నాడు మళ్లీ రావాలి. మిరప కోతల్లో ఉన్న మనిషికి అది ఇంకో రోజు కూలి. ఆ సంగతి ముందే చెప్పి, కాస్త నీడన కూర్చోబెట్టి, గుక్క గుక్కగా తాగించు.

2016 నుంచి ప్రతి నెలా తొమ్మిదో తారీఖున గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి కదా, ఈసారి సెలవు పెట్టి ఇక్కడికి రా. రక్తం తీయొద్దు. గ్లూకోజు తాగి ఎదురుచూసే ఆ రెండు గంటలూ బల్ల మీద వాళ్ల పక్కన కూర్చో.

ఇట్లు
మీ పెద్దమ్మ