ఆకాశంలో వింత వెలుగు కనిపిస్తే ఫోన్‌తో ఏం చేయాలి? ఉగాది రాత్రి నా ఫ్లాగ్‌షిప్ ఫోన్ ఎందుకు ఫెయిలైంది?

2022 ఏప్రిల్ 2, శనివారం. ఆ రోజు ఉగాది. రాత్రి ఎనిమిది కావస్తోంది. కరీంనగర్‌లో మా డాబా మీద చాప వేసుకుని కూర్చున్నాం. ఉన్నట్టుండి ఉత్తరం వైపు ఒక వెలుగు కనిపించింది. ముందు ఒకటే అనుకున్నా. చూస్తుండగానే ఐదారు ముక్కలైంది. అన్నీ ఒకే వరుసలో, వెనక తోకలతో, ఎడమ నుంచి కుడికి నింపాదిగా పోతున్నాయి. చప్పుడు లేదు. "సుక్క తెగిపడ్డదిరా" అంది అమ్మమ్మ. "గిన్ని సుక్కలు ఒక్కసారే తెగుతయా?" అన్నాడు బాపు. కొత్త సంవత్సరం మొదటి రోజే ఇలా కనిపించేసరికి పక్క డాబా మీదివాళ్లు దండాలు పెట్టడం మొదలుపెట్టారు.

నేను మాత్రం ఫోన్ తీశా. అప్పటికి కొని రెండు నెలలు కూడా కాని ఫ్లాగ్‌షిప్. జూమ్ చివరిదాకా లాగి 40 సెకన్లు వీడియో తీశా. అదే నేను చేసిన మొదటి తప్పు. వెంటనే వాట్సాప్ గ్రూప్‌లో పెట్టడం రెండోది. మూడోది ఇంకా ఘోరం: వారం తర్వాత స్టోరేజ్ నిండితే ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేసేశా, వాట్సాప్‌లో ఎలాగూ ఉంది కదా అని. ఈలోగా నా వీడియో నా దగ్గరికే తిరిగి వచ్చింది, కానీ వేరే ఊరి పేరుతో, కింద ఎర్ర అక్షరాలతో, వెనక సస్పెన్స్ మ్యూజిక్‌తో. అది నేను తీసిందే అని చెప్తే కాలేజీ ఫ్రెండ్స్ కూడా నమ్మలేదు. నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు మరి.

అదే సమయానికి ఆదిలాబాద్‌లో ఉన్న మా మేనమామ కొడుకు కూడా వీడియో తీశాడు. బావది అప్పటికే మూడేళ్ల పాత బడ్జెట్ ఫోన్, పైగా స్క్రీన్ మీద పగులు. ఆయనకు జూమ్ చేయడం తట్టలేదు. ఫోన్‌ని పిట్టగోడ మీద ఆనించి అలాగే రికార్డ్ చేశాడు. ఫ్రేమ్‌లో కింద వాళ్ల పెరట్లోని వేపచెట్టు, పక్కింటి వాటర్ ట్యాంక్ కనిపిస్తున్నాయి. వెలుగులు చిన్న గీతల్లా ఉన్నాయి. చూడ్డానికి నా వీడియోనే గొప్పగా ఉంది. కానీ పనికొచ్చింది బావ వీడియో. ఎందుకో చెప్పడానికే ఈ ఆర్టికల్.

ముందుగా ఆ వెలుగు ఏంటో చెప్పేస్తా. అది చైనా రాకెట్ ముక్క. లాంగ్ మార్చ్ 3బి అనే రాకెట్ మూడో దశ. 2021 ఫిబ్రవరిలో ప్రయోగించారు. ఉపగ్రహాన్ని వదిలేశాక ఖాళీ దశ పొడవాటి కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో తిరుగుతూ ఉండిపోయింది. భూమికి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ పైన ఉండే పలచటి గాలి దాన్ని కొంచెం కొంచెంగా లాగింది. ఏడాది దాటాక చివరికి కాలుతూ పడిపోయింది. గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర వాళ్లూ చూశారు. ఆదిలాబాద్‌కి ఈశాన్యంగా ఉన్న చంద్రపూర్ జిల్లాలో, సిందేవాహి తాలూకా లాడ్బోరీ అనే ఊళ్లో ఒక పెద్ద లోహపు రింగు పడింది. రెండు మూడు మీటర్ల వ్యాసం, 40 కిలోలకు పైగా బరువు. చుట్టుపక్కల లోహపు గోళాలు కూడా దొరికాయి. మనకు వింతగా కనిపించింది, అక్కడివాళ్ల ఇళ్ల మధ్య పడింది. మన వైపు ఇంకొంచెం జరిగి ఉంటే అనే ఆలోచన నాకు ఇప్పటికీ వస్తుంది.

ఆ రాత్రి వార్తలు ఎలా మారాయో గుర్తు చేసుకోండి. మొదట ఉల్కాపాతం అన్నారు. తర్వాత, అదే రోజు సాయంత్రం న్యూజిలాండ్‌లోని మహియా నుంచి రాకెట్ ల్యాబ్ కంపెనీ ఎలక్ట్రాన్ రాకెట్ వెళ్లింది కాబట్టి దాని ముక్క కావొచ్చని ఒక నిపుణుడి మాటగా వచ్చింది. రోజు కలిసింది, టైమ్ దగ్గరగా ఉంది, వినడానికి బాగుంది. కానీ ఆ రాకెట్ కాదు. అప్పట్లో అమెరికాలో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డోవెల్ చైనా రాకెట్ దశ అని చెప్పారు. ఆయన ఊహించలేదు. ఆ దశ ఆ గంటలోనే పడాల్సి ఉందని ముందే అంచనా ఉంది. దాని దారి, జనం చూసిన దారి సరిపోయాయి. అంటే తేల్చింది రెండే విషయాలు: ఏ టైమ్, ఏ దిక్కు. నా వీడియోలో ఆ రెండూ లేవు.

ఎందుకు లేవో చూద్దాం. ఫుల్ జూమ్‌లో నల్లటి తెర మీద తెల్ల చుక్కలు తప్ప ఇంకేం పడలేదు. చెట్టు లేదు, ఇల్లు లేదు. అది ఏ వైపు ఉందో, ఎంత ఎత్తులో ఉందో చెప్పే ఆధారమే లేదు. కదిలింది వెలుగా, నా చెయ్యా అన్నది కూడా చెప్పలేం. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే వీడియో కంప్రెస్ అవుతుంది, ఫైల్ లోపల ఉండే మెటాడేటా, అంటే తీసిన టైమ్, లొకేషన్ లాంటి వివరాలు పోతాయి. అదే డాక్యుమెంట్‌గా పంపిస్తే ఫైల్ ఉన్నదున్నట్టుగా వెళ్తుంది. ఇంత చిన్న తేడా.

బావ వీడియోలో మాత్రం వేపచెట్టు ఉంది. మర్నాడు పొద్దున ఆయన అదే పిట్టగోడ దగ్గర నిలబడి, ఫోన్‌లో కంపాస్ తెరిచి, చెట్టు కొస ఏ దిక్కులో ఉందో చూశాడు. ఫోన్ కంపాస్‌ని ముందు గాల్లో 8 అంకె ఆకారంలో తిప్పాలి, లేకపోతే తప్పు చూపిస్తుంది. ఇనుప రెయిలింగ్ దగ్గర అసలు నమ్మకండి. ఎత్తు కోసం చెయ్యి చాచి పిడికిలి పట్టండి. ఒక పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి ఎన్ని పిడికిళ్లో లెక్కపెడితే చాలు. పిల్లల చెయ్యి చిన్నదైనా పిడికిలి కూడా చిన్నదే కాబట్టి లెక్క దాదాపు అదే వస్తుంది.

ఇప్పుడు అసలు మజా. కరీంనగర్, ఆదిలాబాద్ మధ్య గాలిదారిన దాదాపు 150 కిలోమీటర్లు. ఒకే క్షణంలో ఈ రెండు ఊళ్ల నుంచీ ఒకే వెలుగు కనిపించింది అనుకోండి. ఉదాహరణ కోసం నేను వేసుకున్న అంకెలు ఇవి: కరీంనగర్‌లో సరిగ్గా ఉత్తరాన రెండు పిడికిళ్ల ఎత్తులో, ఆదిలాబాద్‌లో సరిగ్గా ఈశాన్యాన. మ్యాప్ తెరిచి రెండు ఊళ్ల నుంచి ఆ దిక్కుల్లో గీతలు గీయండి. రెండూ మహారాష్ట్రలో వరోరా దగ్గర కలుస్తాయి. కరీంనగర్ నుంచి అక్కడికి 200 కిలోమీటర్లు. 20 డిగ్రీల టాన్ విలువ 0.36. గుణిస్తే ఎత్తు 70 కిలోమీటర్ల పైచిలుకు. ఇంటర్‌లో ఈ లెక్కలు ఎందుకు రా బాబూ అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. విమానాలు తిరిగేది 10, 12 కిలోమీటర్ల ఎత్తులో. వరోరా మీద ఎగిరే విమానం కరీంనగర్ నుంచి చూస్తే నేల అంచుకి రెండు మూడు డిగ్రీల పైనే ఉంటుంది, ఇళ్ల వెనక దాక్కుంటుంది. డ్రోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి అది విమానం కాదు, డ్రోన్ కాదు, అంతరిక్షం నుంచి గాల్లోకి దిగుతున్న వస్తువు. ఇంకా ఎవరినీ అడగకముందే ఇంతవరకు వచ్చేశాం.

ఉల్క కాదని ఎలా అంటే, టైమ్ చూడాలి. ఉల్క సాధారణంగా రెప్పపాటులో, మహా అయితే కొన్ని సెకన్లలో అయిపోతుంది. రాకెట్ ముక్క సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల స్థాయి వేగంతో, దాదాపు నేలకు సమాంతరంగా వస్తుంది కాబట్టి నిమిషం పాటు కనిపించవచ్చు, ముక్కలు వరుసకట్టి పోతాయి. అంటే ఆ రాత్రి బాపు అడిగిన ప్రశ్న కరెక్టే.

ఒక్క చోటి నుంచి తీసిన వీడియో ఎంత మోసం చేస్తుందో అమెరికా నేవీ వాళ్లకే తెలుసు. 2015లో వాళ్ల యుద్ధవిమానం కెమెరాలో సముద్రం మీద దూసుకుపోతున్నట్టు కనిపించిన ఒక వస్తువు వీడియో 'గో ఫాస్ట్' పేరుతో ప్రపంచమంతా తిరిగింది. 2023 సెప్టెంబర్‌లో నాసా నియమించిన కమిటీ అదే స్క్రీన్ మీద ఉన్న అంకెలతో లెక్క కట్టి, ఆ వస్తువు నీళ్లకు దగ్గరగా లేదు, 13,000 అడుగుల ఎత్తులో ఉంది, వేగం గంటకు 40 మైళ్లే అని చెప్పింది. పరుగెత్తింది విమానం. బస్సు కిటికీలోంచి చూస్తే చెట్లు వెనక్కి పరుగెత్తినట్టు. ఆ రిపోర్టులోనే మన లాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి నచ్చే మాట ఇంకోటి ఉంది: స్మార్ట్‌ఫోన్ యాప్‌ల ద్వారా చాలామంది నుంచి ఫోటోలతో పాటు సెన్సర్ మెటాడేటా కూడా సేకరించే మార్గం చూడాలని. బావ, నేను చేయాల్సింది అదే కదా!

మోసపోవడానికి చదువు తక్కువ కావాల్సిన అవసరం లేదు. లడఖ్ సరిహద్దులో మన సైనికులు 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు గుర్తుతెలియని వస్తువుల్ని 329 సార్లు నమోదు చేశారు. చైనా డ్రోన్లేమో అని అనుమానం. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు చూసి, అవి గురుడు, శుక్రుడు అని తేల్చారు. నాకు ఇందులో నవ్వొచ్చే విషయం కనిపించదు. వాళ్లు టైమ్, దిక్కు రాసిపెట్టారు కాబట్టే తేలింది.

మన జిల్లాలకు ప్రత్యేకంగా ఇంకో అతిథి ఉంది. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి పరిశోధన బెలూన్లు ఎగరేస్తారు. 50 నుంచి 85 మీటర్ల వ్యాసం, లోపల హైడ్రోజన్, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తు. కింద ఇంకా చీకటిగా ఉన్నా అంత ఎత్తులో ఎండ పడుతుంది కాబట్టి తెల్లగా మెరుస్తూ, కదలనట్టు కనిపిస్తాయి. పరికరాలు రంగుల పారాచ్యూట్‌తో ఎక్కడో పొలంలో దిగుతాయి. ఎక్కడెక్కడ పడొచ్చో ముందే ఇచ్చే ప్రకటనల్లో కరీంనగర్, ఆదిలాబాద్ పేర్లు కూడా ఉంటాయి. ముట్టుకోకండి, విప్పకండి, పోలీసులకు చెప్పండి అని అందులోనే రాస్తారు. అయినా ఆ ప్రకటన చదివేవాళ్లు ఎంతమంది? 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలంలో గుండ్రటి పెద్ద క్యాప్సూల్ దిగితే జనం గుంపులుగా వెళ్లారు. అది స్పెయిన్‌కి చెందిన హాలో స్పేస్ కంపెనీ బెలూన్ ప్రయోగం. రాకెట్ ముక్కలైతే ఇంకా జాగ్రత్త. లోపల విషపూరిత ఇంధనం మిగిలి ఉండొచ్చు. సెల్ఫీ దూరం నుంచే తీసుకోండి.

ఇక ఫోన్ కెమెరా స్వయంగా పుట్టించే వింతలు ఉన్నాయి. ఫోకస్ తప్పిన నక్షత్రం గుండ్రటి పళ్లెంలా వస్తుంది. ఫ్రేమ్‌లో వీధిలైటు ఉంటే లెన్స్ లోపల ప్రతిబింబం పడి, ఫ్రేమ్ మధ్యకు సరిగ్గా ఎదురువైపు ఆకుపచ్చ చుక్క తేలుతుంది. ఫోన్ కదిపితే అదీ కదులుతుంది, అదే పరీక్ష. నైట్ మోడ్ చాలా ఫ్రేమ్‌లు కలిపి ఒక ఫోటో చేస్తుంది కాబట్టి కదిలే వెలుగు తెగిన గీతల్లా వస్తుంది. ఏఐ అయితే లేనిదాన్ని కూడా చేరుస్తుంది. 2023 మార్చిలో ఒకతను కావాలనే మసకగా చేసిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ స్క్రీన్ మీద పెట్టి శాంసంగ్ ఫోన్‌తో తీస్తే, అందులో లేని గుంతలు కూడా స్పష్టంగా వచ్చాయి. అందుకే జూమ్ వద్దు, నైట్ మోడ్ వద్దు. మామూలు వీడియో, వన్ ఎక్స్, ఫోన్‌ని దేనికైనా ఆనించి, ఫ్రేమ్‌లో ఒక చెట్టో ఇల్లో ఉండేలా. లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంచండి, కానీ ఒరిజినల్‌ని పబ్లిక్‌గా పెట్టకండి, మీ ఇంటి అడ్రస్ దాంట్లోనే ఉంటుంది. తీస్తూ తీస్తూ టైమ్, ఊరు, దిక్కు గట్టిగా నోటితో చెప్పండి. ఆడియో ట్రాక్‌ని మించిన నోట్‌బుక్ లేదు.

తర్వాత చూడాల్సినవి మూడే. స్టెల్లేరియం తెరిచి అక్కడ గ్రహం ఉందా చూడండి. ఫ్లైట్‌రాడార్24లో విమానం ఉందా చూడండి. మనవైపు ఎదురుగా వచ్చే విమానం చాలాసేపు ఒకేచోట నిలబడ్డట్టు ఉంటుంది, ఢిల్లీ హైదరాబాద్ విమానాలు మన మీదుగానే పోతాయి. హెవెన్స్ అబోవ్‌లో ఉపగ్రహాలు, స్టార్‌లింక్ రైలుబండి వరుసలు చూడండి. మూడింట్లోనూ లేకపోతే అప్పుడు ఎగ్జైట్ అవ్వొచ్చు, నాకూ పంపించండి, డాక్యుమెంట్‌గా!

2023 మార్చి 1 సాయంత్రం ఏడింటికి బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, పడమటి దిక్కు రెండు లైట్లు అతుక్కోని ఉన్నయి. రెండు పిడికిళ్ల ఎత్తు. పావుగంట నుంచి చూస్తున్న, చెట్టు కొస కాడికెళ్లి జరంత కిందికి దిగినయి గంతే." నేను స్టెల్లేరియం తెరిచా. "శుక్రుడు, గురుడు బావా. ఇయ్యాల పక్కపక్కనే ఉన్నయి." అటువైపు కాసేపు మాట లేదు. "అయితే మీ అక్కని పిలిచి చూపిస్త ఆగు" అని ఫోన్ పెట్టేశాడు.