హాలీహాక్ పూలతోటలు: తుప్పు తెగులు నేర్పే పాఠం

ఇంగ్లండ్‌లోని పాతకాలపు కుటీరాల ముంగిట పెరిగే పూలమొక్కల్లో హాలీహాక్ ముఖ్యమైనది. ఆల్సియా రోజియా అనే శాస్త్రీయ నామం గల ఈ మొక్క మందారం, బెండ, గోంగూర, పత్తి వలె మాల్వేసీ కుటుంబానికి చెందినది. సుమారు రెండు మీటర్ల ఎత్తు పెరిగే దీని కాండంపై పూలు కింది నుండి పైకి వరుసగా విచ్చుకుంటాయి. ఉద్యాన రచనలు, చిత్రాలు దీనిని పాతకాలపు తోటకు ప్రతీకగా నిలిపాయి. ఆ వర్ణనల్లో అంతగా కనిపించని తెగులు చరిత్ర వ్యవసాయ విద్యార్థులకు ఎంతో ఉపయుక్తమైనది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ఎసెక్స్‌లోని శాఫ్రన్ వాల్డెన్‌కు చెందిన విలియం ఛాటర్ ముద్దపూల రకాలను అభివృద్ధి చేసి ప్రసిద్ధి పొందారు. పేరున్న రకాలను ఎక్కువగా కత్తిరింపులు, అంట్ల ద్వారా వృద్ధి చేసేవారు. 1873లో తుప్పు తెగులు ఇంగ్లండ్‌కు చేరి ఈ తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. దీనికి కారణమైన పక్సీనియా మాల్వేసియారం అనే శిలీంధ్రాన్ని 1852లోనే చిలీ నమూనాల ఆధారంగా వర్ణించారు.

ఈ తెగులు ముందుగా అడుగు ఆకులపై కనిపిస్తుంది. ఆకు పైభాగాన పసుపు మచ్చలు, అడుగుభాగాన ఉబ్బెత్తు గోధుమరంగు పొక్కులు ఏర్పడతాయి. గోధుమ కాండపు తుప్పు శిలీంధ్రానికి జీవితచక్రం పూర్తికావడానికి రెండు భిన్న ఆతిథేయి మొక్కలు అవసరం. హాలీహాక్ తుప్పుకు ఆ అవసరం లేదు. టీలియో సిద్ధబీజాలు పొక్కుల్లోనే మొలకెత్తి బసీడియో సిద్ధబీజాలను ఇస్తాయి. అవి గాలిలో వ్యాపించి తేమగల ఆకులకు సోకుతాయి. శిలీంధ్రం శీతాకాలాన్ని మొక్క మొదట్లోని ఆకులపై గడుపుతుంది. మాల్వా జాతి కలుపు మొక్కలపైనా ఇది జీవిస్తుంది.

కనుక ఒకే మొక్కను ఏళ్ల తరబడి ఉంచితే తెగులు స్థిరపడుతుంది. విత్తనం నుండి కొత్త మొక్కలు పెంచి, రెండేళ్లకొకసారి మార్చడం మేలు. సోకిన ఆకులను తొలిదశలోనే ఏరివేయాలి. పూత ముగిశాక కాండాలను కోసి నాశనం చేయాలి. మొక్కల మధ్య గాలి ఆడేలా దూరం పాటించి, నీటిని మొదళ్లకే అందించాలి. చుట్టుపక్కల మాల్వా కలుపును తొలగించాలి.

హాలీహాక్ నేటికీ తోటల్లో నిలిచి ఉంది. ఛాటర్ పేరిట ముద్దపూల విత్తనాలు ఇప్పటికీ లభిస్తున్నాయి. మొక్కను ఎలా వృద్ధి చేస్తున్నాము, ఎంతకాలం ఉంచుతున్నాము, గట్టుపై ఏ కలుపు పెరుగుతోంది అనే మూడు ప్రశ్నలను విస్తరణ శాస్త్రవేత్తలు శిలీంధ్రనాశిని సిఫారసు కంటే ముందే పరిశీలించాలి.