వార్తాపత్రికయు పాఠ్యపుస్తకమును

విజ్ఞానశాస్త్రమును పాఠ్యపుస్తకము నుండియే నేర్వవలెనా? తరగతిలో వార్తాపత్రికకు కూడ తావు కలదా? ఈ ప్రశ్నకు ఒక బాలిక కథ చక్కని సమాధానము.

1930వ సంవత్సరము మార్చి 14వ తేదీ. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున వెనీషియా బర్నీ అను 11 ఏండ్ల బాలిక ఉదయపు ఫలహారము చేయుచుండెను. అమెరికాలోని లోవెల్ వేధశాలవారు సూర్యునకు మిక్కిలి దూరమున ఒక క్రొత్త గ్రహమును కనుగొనిరని ఆమె మాతామహుడు వార్తాపత్రిక చదివి వినిపించెను. బాలిక కొంచెము యోచించి, దానికి ప్లూటో యను పేరు తగునని పలికెను. రోమనుల పురాణములలో ప్లూటో పాతాళలోకమునకు అధిపతి. వెలుగు అంతగా చేరని గోళమునకు ఆ పేరు బాగుగ అమరినది. తాత ఆ మాటను టర్నరు అను ఖగోళశాస్త్రజ్ఞునకు తెలుపగా, ఆయన అమెరికాకు తంతి పంపెను. ఆ సంవత్సరము మే నెలలో ఆ పేరే స్థిరపడెను.

ఆ యూహ ఆమెకు ఊరక తోచలేదు. పాఠశాలలో చదువుకొను పిల్లలు ఉద్యానవనమున మట్టిముద్దలను తగిన దూరములలో నుంచి, గ్రహముల యెడములను ఆటగా నేర్చియుండిరి. పాఠము తెలిసిన చెవికి వార్త అర్థమైనది.

అటుపిమ్మట పుస్తకములలో గ్రహములు తొమ్మిదని ముద్రింపబడెను. కాని 2005లో ఎరిస్ అను గోళము బయల్పడెను. అది పరిమాణమున ప్లూటోకు ఇంచుమించు సమానము. ఎరిస్ గ్రహము కానిచో ప్లూటో మాత్రము గ్రహమెట్లగును? 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరమున అంతర్జాతీయ ఖగోళ సంఘము దీనిని నిర్ణయించెను. గ్రహము సూర్యుని చుట్టు తిరుగవలెను. దాదాపు గుండ్రముగా నుండవలెను. తన మార్గ పరిసరములలో ఇతర గోళములు మిగులకుండ తానే ప్రబలమై యుండవలెను. మూడవ లక్షణము లేనందున ప్లూటో మరుగుజ్జు గ్రహమైనది.

పుస్తకమున తొమ్మిది, పత్రికలో ఎనిమిది! అట్లయిన పుస్తకము అబద్ధమాడెనా? లేదు. ఆకసమున ఏ గోళమును మాయము కాలేదు. మానవుని జ్ఞానము పెరుగగా వర్గీకరణము మారినది. పుస్తకము నాటివరకు తెలిసినదానిని చెప్పును. వార్త నేడు తెలియుచున్నదానిని చెప్పును.

అయినను ప్రతి వార్తయు శాస్త్రము కాదు. ఎవరు చూచిరి? ఏ సాధనముతో కొలిచిరి? ఇతరులు పరీక్షింపగా అదే ఫలితము వచ్చెనా? ఈ ప్రశ్నలు వేయుటకు పాఠమే ఆధారము.

2015 జులై 14న న్యూ హొరైజన్స్ అను వ్యోమనౌక ప్లూటోను సమీపించి సాగిపోయెను. అందు ధూళికణములను లెక్కించు పరికరమును విద్యార్థులే నిర్మించిరి. దానికి వెనీషియా పేరు పెట్టిరి. ఒకనాటి ఉదయము వార్తను శ్రద్ధతో విన్న బాలిక పేరు అట్లు ప్లూటోను దాటి పోయినది.