ఇంటి కప్పుపై విద్యుత్తు

కృష్ణానది పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమును చేరును. ఆ పాయల నడుమనున్న నేలయే దివిసీమ. దానికి ఈశాన్యమున బందరు అనబడు మచిలీపట్నము, ఉత్తరమున గుడివాడ కలవు. ఈ ప్రాంతపు రైతు తాను పండించిన ధాన్యములో తిండిగింజలు గాదెలో పోసికొని, మిగిలినది అమ్ముకొనును. ఇప్పుడు విద్యుత్తు విషయమునను గృహస్థులకు అట్టి వీలు కలిగినది.

1954లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో సౌరఘటమును నిర్మించిరి. దానిపై ఎండ పడగానే విద్యుత్తు పుట్టును. అట్టి ఘటములను వరుసగా కూర్చినచో సౌరఫలకమగును. అది ఇచ్చునది ఏకముఖ ప్రవాహము. ఇంటిలోని దీపములకు, పంకాలకు వలసినది ఏకాంతర ప్రవాహము. ఆ మార్పు చేయు యంత్రమే ఇన్వర్టరు. ఒక కిలోవాటు ఫలకములు దినమునకు సగటున 4 యూనిట్లు ఇచ్చును.

అయితే ఒక చిక్కు కలదు. ఎండ మిక్కుటముగానుండు మధ్యాహ్నమున పిల్లలు బడిలోను, పెద్దలు పనులలోను ఉందురు. దీపములు వెలిగించు వేళకు సూర్యుడుండడు. ధాన్యమువలె విద్యుత్తును గాదెలో పోయుటెట్లు? బ్యాటరీలు కలవు గాని వాని వెల అధికము. కావున పగటి మిగులు వీధి తీగలోనికి పోవును. రాత్రి కావలసినది ఆ తీగనుండియే వచ్చును. రాకపోకలు రెండింటిని ఒకే మీటరు లెక్కించును. నిజమునకు తీగలో ఏమియు నిలువయుండదు. పగలు పంపినదానిని ఆ క్షణముననే ఇరుగుపొరుగువారు వాడుకొందురు. నిలిచియుండునది లెక్క మాత్రమే.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ఆరంభించి, కోటి ఇండ్లకు ఫలకములు అమర్పవలెనని సంకల్పించెను. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ నిర్ణయించిరి. డాబా ఇల్లు గలవారికి ఇది సులభము. తాటాకు ఇంటివారి మాట వేరు. ఆ కప్పు ఫలకముల బరువు మోయజాలదు.

ఈ తీరమునకు తుపానులు క్రొత్తకావు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. పెనుగాలికి స్తంభములు కూలినప్పుడు ఊరంతయు చీకటియగును. అప్పుడు ఫలకములున్న ఇంట దీపము వెలుగునని పలువురు తలతురు. సాధారణముగా వెలుగదు! వీధిలో విద్యుత్తు ఆగినంతనే ఇన్వర్టరు తానును ఆగిపోవును. ఇది లోపము కాదు, కావలెనని చేసిన ఏర్పాటు. తీగ చచ్చియున్నదని నమ్మి లైనుమాన్ స్తంభమెక్కి దానిని పట్టుకొనును. ఆ సమయమున ఏదో ఇంటినుండి విద్యుత్తు ప్రవహించెనా, అతని ప్రాణము పోవును.

చీకటిలోను వెలుగు కోరు గృహస్థుడు బ్యాటరీని, వీధి తీగనుండి ఇంటిని విడదీయగల ఇన్వర్టరును ఆదియందే అడిగి పెట్టించుకొనవలెను. ఫలకముల చట్రములు గాలికి ఎగిరిపోకుండ గట్టి బోల్టులతో బిగింపించుటయు, ఉప్పుగాలికి అవి త్రుప్పుపట్టకుండ చూచుటయు అంతే ముఖ్యము.

తుపాను వెలిసి, స్తంభములు నిలిపి, విద్యుత్తును తిరిగి ఇచ్చినప్పుడును ఇన్వర్టరు తొందరపడదు. కొంతసేపు తీగను పరీక్షించును. ప్రవాహము నిలకడగా ఉన్నదని తేలిన పిదపనే దానితో కలియును.