టూరిస్టు ఎవరు? ఆదాయం ఎవరిది?

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒకే క్యూలో ముగ్గురు నిలబడ్డారనుకుందాం. ఒకాయన వారం రోజులు పారిస్ చూడ్డానికి వెళ్తున్నాడు. ఆయన వెనక ఒక పెద్దావిడ, సూట్‌కేసు నిండా పచ్చళ్ళు, పొడులు సర్దుకుని డల్లాస్‌లో కూతురి పురుడికి బయల్దేరింది. మూడో మనిషి మన సీనియరే, ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్తున్నాడు. ఈ ముగ్గురిలో అంతర్జాతీయ టూరిస్టులు ఎవరు?

ఐక్యరాజ్యసమితి టూరిజం సంస్థ నిర్వచనం ప్రకారం, వేరే దేశంలో కనీసం ఒక రాత్రి ఉండాలి, ఏడాది లోపు తిరిగి రావాలి, అక్కడ ఉద్యోగం కోసం వెళ్ళకూడదు. కాబట్టి మొదటి ఇద్దరూ టూరిస్టులే. పురుడు పోయడానికి వెళ్ళిన ఆ అమ్మ కూడా! రెండేళ్ళ కోర్సుకి వెళ్ళే సీనియర్ మాత్రం కాదు.

మనుషుల లెక్క

1950లో ప్రపంచం మొత్తం మీద ఇలాంటి రాకలు సుమారు రెండున్నర కోట్లు. జెట్ విమానాలు వచ్చాయి, జీతంతో కూడిన సెలవులు పెరిగాయి, తర్వాత చవక టికెట్లు వచ్చాయి. 2019 నాటికి ఆ సంఖ్య 146 కోట్లకి చేరింది. 2020లో కరోనా దెబ్బకి ఒక్కసారిగా 40 కోట్లకి పడిపోయింది. 2024లో మళ్ళీ 140 కోట్లు.

డబ్బు లెక్క

2019లో ఆదాయం దాదాపు 1.5 లక్షల కోట్ల డాలర్లు. 2024లో 1.6 లక్షల కోట్లు. జనం కాస్త తగ్గినా డబ్బు పెరిగింది. ఇందులో కొంత భాగం ధరలు పెరగడం వల్లే. అందుకే "రికార్డు ఆదాయం" అన్న హెడ్‌లైన్ చూసి వెంటనే చప్పట్లు కొట్టకూడదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 2024లో ఎక్కువమంది వెళ్ళిన దేశం ఫ్రాన్స్, సుమారు 10 కోట్ల మంది. ఎక్కువ సంపాదించింది మాత్రం అమెరికా. అక్కడికి వెళ్ళింది 7.2 కోట్ల మందే, ఆదాయం 21,500 కోట్ల డాలర్లు! ఫ్రాన్స్ ఆదాయం అందులో సగం కూడా లేదు. ఎందుకిలా?

ఒక కారణం తేలికే. ఫ్రాన్స్‌కి పక్క దేశాలవాళ్ళు కారులోనో రైల్లోనో వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళిపోతారు. అమెరికాకి సముద్రాలు దాటి వెళ్ళేవాళ్ళు ఎక్కువ రోజులుంటారు, ఎక్కువ ఖర్చు పెడతారు.

రెండో కారణం లెక్క రాసే పద్ధతిలో ఉంది. ఈ ఆదాయాన్ని దేశాల విదేశీ చెల్లింపుల ఖాతాలోని "ప్రయాణాలు" అనే పద్దు నుంచి తీసుకుంటారు. చదువు కోసం, వైద్యం కోసం వచ్చిన విదేశీయుల ఖర్చు ఎన్నేళ్ళున్నా ఆ పద్దులోకే వెళ్తుంది. అంటే మన సీనియర్ ఆ 7.2 కోట్ల తలల్లో లేడు. కానీ అతను కట్టే ట్యూషన్ ఫీజు, హాస్టల్ అద్దె ఆ 21,500 కోట్లలో ఉన్నాయి. ఆదాయాన్ని రాకలతో భాగించి తలసరి ఖర్చు సుమారు 3,000 డాలర్లు అని తేల్చేస్తాం కదా, అక్కడ లవంలో ఉన్నవాళ్ళంతా హారంలో లేరన్నమాట! ల్యాబ్ రికార్డులో ఇలా చేస్తే మన సార్ ఊరుకుంటారా?

దీనికి తిరగేసిన కేసు వెనిస్. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళు నిర్వచనం ప్రకారం టూరిస్టులే కారు, రాత్రి ఉండరు కాబట్టి. కానీ ఆ ఊరి ఇరుకు సందుల్లో రద్దీకి వాళ్ళూ పెద్ద కారణమే. అందుకే 2024 ఏప్రిల్ నుంచి ఎంపిక చేసిన రోజుల్లో అలా వచ్చేవాళ్ళ దగ్గర 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టారు.

కాబట్టి ఫ్రెండ్స్, ప్రాజెక్టు కోసం డేటాసెట్ డౌన్‌లోడ్ చేసినప్పుడు ముందు గ్రాఫ్ గీయకండి. ఎవర్ని లెక్కపెట్టారు, ఎవర్ని వదిలేశారు, ఏ ఖర్చు కలిపారు అని చూడండి. మనలో చాలామంది రేపు ఆ క్యూలో మూడో మనిషిలా నిలబడబోయేవాళ్ళమే. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి నాన్న తెచ్చే ఎడ్యుకేషన్ లోను, అక్కడి ఖాతాలో ప్రయాణాల ఆదాయంగా నమోదవుతుంది. ఆ సంగతి తెలిసి వెళ్ళడం మంచిది.