ధ్యానం - దాని ప్రయోజనం

ధ్యానమంటే కన్నులు మూసుకొని లోకాన్ని మరచిపోవడమని పలువురి అభిప్రాయం. గౌతముని జీవితమే దీనికి సమాధానం. గృహత్యాగానంతరం ఆయన ఆళారకాలాముడు, ఉద్దకరామపుత్రుడు అనే ఆచార్యుల చెంత అత్యున్నత సమాధి స్థితులను సాధించి, వారి మన్ననలందుకొన్నాడు. అయినా వారిని వీడి వెళ్లాడు. సమాధిలో మనస్సు ప్రశాంతంగానే ఉన్నది. కాని దుఃఖమూలమైన తృష్ణ నశించలేదు. ఏకాగ్రత బౌద్ధ సాధనలో ఉపకరణం మాత్రమే కావడానికి కారణమిదే.

ఈ సాధనను విశదీకరించే సతిపట్ఠాన సుత్తం మజ్ఝిమ నికాయంలో పదవది. కురుదేశంలోని కమ్మాసదమ్మంలో బుద్ధుడు దానిని ఉపదేశించినట్లు అందులోనే ఉన్నది. 'సతి' అనగా ఎరుక. శరీరం, వేదనలు, చిత్తం, ధర్మాలు - ఈ నాలుగింటిని ఉన్నవి ఉన్నట్లు గమనించాలి. శ్వాసను బిగబట్టనక్కరలేదు; దీర్ఘమైతే దీర్ఘమని, హ్రస్వమైతే హ్రస్వమని తెలుసుకొంటే చాలు. తరిమెన పట్టే నేర్పరి తానెంత లాగుతున్నదీ ఎరిగి లాగడం ఇందుకు ఉపమానం. నడక, భోజనం, వస్త్రధారణ, చివరకు మలమూత్ర విసర్జన కూడ ఈ ఎరుకలో చేరినవే. ఈ చివరి అంశాన్ని సుత్తం దాచలేదు.

తెలుగులో 'వేదన' అంటే బాధ. పాళిలో మాత్రం సుఖం, దుఃఖం, రెండూ కాని అనుభూతి - మూడూ వేదనలే. తృష్ణ పుట్టేది ఇక్కడే. ఒకరు పరుషంగా మాట్లాడినప్పుడు, ఆ మాట చెవిన పడటానికీ మన నోట ప్రత్యుత్తరం వెలువడటానికీ నడుమ ఒక క్షణమున్నది. ఒడలు వేడెక్కేదీ, ఊపిరి వేగం హెచ్చేదీ అప్పుడే. దానిని గమనించేవానికీ కోపం వస్తుంది. అయితే వచ్చినట్లు తెలుస్తుంది, నాలుకను అదుపు చేసుకొనే వ్యవధి దొరుకుతుంది.

ఇది భిక్షువులకే పరిమితం కాదు. 1948లో స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్ అయిన ఊ బా ఖిన్ గృహస్థు. లెక్కలు, దస్త్రాలు చూసే తన కార్యాలయంలోనే ఉద్యోగులకు విపశ్యన నేర్పాడు. 1952లో రంగూన్‌లో ధ్యానకేంద్రం నెలకొల్పాడు. ఆయన శిష్యుడు, మాండలేలో జన్మించిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి శిబిరాలు ప్రారంభించాడు. 1994 ఏప్రిల్‌లో ఢిల్లీలోని తీహార్ జైలులో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఆయన నిర్వహించిన పదిరోజుల శిబిరంలో పాల్గొన్నారు. వారి శిక్షాకాలం తగ్గలేదు, గోడలు కదలలేదు. తొలి మూడు దినాలు వారికి అప్పగించిన పని ఒక్కటే: నాసికాద్వారాల వద్ద శ్వాస రాకపోకలను గమనించడం.