పర్ర భూములలో ఒలికిన చమురును కాల్చవచ్చునా?



గోదావరి డెల్టాలో చమురు, గ్యాసు బావులు వరిచేలకు, కొబ్బరితోటలకు చేరువనే యున్నవి. 1995 జనవరి 8న పాసర్లపూడిలో బావి నుండి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. అది ముఖ్యముగా గ్యాసు మంట. ముడి చమురు మంటకు మసి చాల ఎక్కువ. కనుక గొట్టము పగిలి చమురు మీ పర్రలోనికి వచ్చినప్పుడు "అగ్గిపుల్ల గీసిన పోవును గదా" అనువారి మాట వినవలదు.

నీటిపై తేలు తెట్టె 2, 3 మిల్లీమీటర్ల మందమైనను లేనిచో నిలిచి మండదు. క్రింది నీరు వేడిని లాగివేయును. అట్టి చోట కాలునది గడ్డియే, చమురు అక్కడనే యుండును. మందముగా నుండి మండినను అంతయు మాయము కాదు. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ బావి చమురును సముద్రముపైననే 411 మార్లు తగులబెట్టిరి. విమానముతో ఆ పొగను కొలువగా, కాలిన ప్రతి 100 కిలోల చమురుకు సుమారు 4 కిలోలు నల్లమసియై గాలిలో కలిసినట్లు తేలినది. అది తీరమునకు దూరముగా, శిక్షణ పొందినవారు చేసిన పని. మన పర్రల ప్రక్కనే ఇండ్లు!

ఈ మసి రేణువులు తలవెంట్రుక మందములో ఇరువదవ వంతు కూడ ఉండవు. ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతునకు పోవును. వానికి అంటి క్యాన్సరు కలిగించు పదార్థములును పోవును. ఉబ్బసము గలవారికి, పసిబిడ్డలకు, గర్భిణులకు ముప్పు అధికము. ముక్కుకు తువాలు కట్టుకొనుట మన ధైర్యమునకే గాని, ఈ రేణువులను ఆపదు.

ఇక నేల సంగతి. అమెరికాలోని లూసియానా తీరపు గడ్డి బీళ్లపై చేసిన పరీక్షలలో, నేలపై 10 సెంటీమీటర్ల నీరు నిలిచియున్నప్పుడు వేళ్లు బ్రతికి గడ్డి మరల చిగిర్చినది. నీరు నేలమట్టమునకు దిగువనున్నప్పుడు వేళ్లు ఉడికి చచ్చినవి. మడచెట్లకు ఆపాటి అవకాశమును లేదు; మాను కాలిన చెట్టు మరల లేచుట అరుదు.

చమురు వాసన తగిలిన వెంటనే బీడీ, పొయ్యి ఆర్పవలెను. ఇంజను, మోటారు వేయరాదు. పశువులను విప్పుకొని గాలి వచ్చు దిక్కుకు పోవలెను. 101కు ఫోను చేసి, తహసీల్దారుకు తెలుపవలెను. చమురు ఇంకను చేరని వైపున మాత్రమే తూము తలుపులు దించి, బోదెలకు మట్టికట్టలు వేయవలెను.

పొగ వచ్చిపోయిన పిమ్మట మసి పడిన పచ్చిగడ్డి పశువులకు వేయరాదు. వామి పైపొరలు తీసివేసి లోపలి గడ్డి వేయవచ్చును. ఆకుకూరలపై మసి జిడ్డుగా అంటియుండును గనుక ఆ కోతను వదలుకొనుటయే మేలు.